పాత ఫోర్ బై ఫోర్ గేర్‌బాక్స్: మొత్తం మార్చాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవచ్చా?

మీరు చెప్పిన సంగతి క్లుప్తంగా ఇదీ. ముప్పై ఏళ్లు దాటిన పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్, అంటే కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకూ బలం వెళ్లే బండి. నాలుగు గేర్ల మాన్యువల్ బాక్స్, దాని వెనక ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె. మూడు నుంచి రెండుకి దించితే గరగరమంటోంది. మూడులో వెళ్తూ యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే లివర్ దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది. మొదటి మూడు గేర్లలో ఊళ వేసినట్టు శబ్దం, టాప్‌లో పడగానే మాయం. ట్రాన్స్‌ఫర్ కేస్ కింద రోజూ ఆయిల్ చుక్కలు. ఫోర్ వీల్ వేశాక లివర్ వెనక్కి రావడం లేదు. మెకానిక్ "మొత్తం పోయింది, ఇంకో సెకండ్ హ్యాండ్ బాక్స్ ఎక్కిద్దాం" అన్నాడు. మీ దగ్గర డబ్బు తక్కువ.

బాక్స్ మార్చకండి. మీరు చెప్పిన అయిదు లక్షణాల్లో ఒక్కటి కూడా గేర్ల పళ్లు పోయాయని చెప్పడం లేదు. పాత గేర్‌బాక్సుల్లో గేర్లు తొందరగా చావవు. వాటిని పట్టుకునే బేరింగులు, వాషర్లు, స్ప్రింగులు, సింక్రో రింగులు (గేర్ పడేముందు వేగాలను కలిపేవి), ఆయిల్ సీళ్లు ముందు పోతాయి. వాటిని పట్టించుకోకుండా తిప్పుతూ పోతే అప్పుడు గేర్ల వంతు వస్తుంది. మెకానిక్ తెచ్చే ఆ ఇంకో బాక్స్ కూడా మీ బండి వయసుదే. దాని చరిత్ర మీకు తెలియదు. మీ బాక్స్ జబ్బేమిటో కనీసం మీకు తెలుసు.

ఒక్కొక్క లక్షణం ఏం చెబుతోందో చూద్దాం. ఖర్చు తగ్గేదంతా ఇక్కడే. స్పానర్ పట్టకముందు ఎంత తెలుసుకుంటే అంత తక్కువ సామాను కొంటారు.

ఊళతో మొదలుపెడదాం. టాప్ గేర్‌లో ఇన్‌పుట్ షాఫ్టూ (ఇంజిన్ నుంచి బలం తెచ్చేది) మెయిన్ షాఫ్టూ (బలం బయటికి పంపేది) నేరుగా కలిసిపోయి ఒకే ముక్కలా తిరుగుతాయి. కింద ఉన్న కౌంటర్ షాఫ్ట్ గేర్లు తిరుగుతాయి గానీ వాటి మీద బరువు ఉండదు. మిగతా మూడు గేర్లలో ఇంజిన్ బలమంతా ఆ కౌంటర్ షాఫ్ట్ గుండానే పోతుంది. కాబట్టి టాప్‌లో నిశ్శబ్దం, మిగతా వాటిలో ఊళ అంటే వేలు కౌంటర్ షాఫ్ట్ బేరింగుల వైపే చూపిస్తుంది. అన్ని గేర్లలోనూ ఒకేలా మోగితే ఇన్‌పుట్ బేరింగునో, మెయిన్ షాఫ్ట్ వెనక బేరింగునో, ట్రాన్స్‌ఫర్ కేస్‌నో అనుమానించాలి. ఒక్క గేర్‌లోనే మోగితే ఆ గేర్ పళ్లు. క్లచ్ పెడల్ నొక్కినప్పుడే కీచుమంటే అది గేర్‌బాక్స్ కాదు, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్.

ఇంకో పరీక్ష పైసా ఖర్చు లేనిది. బండి సమతలం మీద పెట్టి, నాలుగు చక్రాలకూ ముందూ వెనకా చెక్క దిమ్మలు వేయండి. ట్రాన్స్‌ఫర్ లివర్‌ను న్యూట్రల్‌లో పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేసి ఒక్కో గేర్ వేసి చూడండి. బండి కదలదు, గేర్‌బాక్స్ మాత్రం లోపల తిరుగుతుంది. అప్పుడు వచ్చే శబ్దం గేర్‌బాక్స్‌ది. అక్కడ నిశ్శబ్దంగా ఉండి రోడ్డు మీద మాత్రమే మోగితే ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్ వైపో, ప్రొపెల్లర్ షాఫ్ట్ (యాక్సిల్‌కి బలం తీసుకెళ్లే పొడవాటి కడ్డీ) కీలు దగ్గరి క్రాసో, డిఫరెన్షియలో (రెండు వైపులా వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) చూడాలి. అయితే బరువు లేకుండా తిరుగుతుంది కాబట్టి శబ్దం రోడ్డు మీద కంటే తక్కువే వస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను కేసింగ్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వింటే ఏ బేరింగ్ దగ్గర గట్టిగా ఉందో తెలుస్తుంది. తిరిగే షాఫ్టులకు చెయ్యీ, చొక్కా చేతులూ దూరంగా ఉంచండి.

ఇప్పుడు మూడో గేర్ ఊడిపోవడం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, చవకైన వాటి నుంచి వెతకాలి. గేర్‌బాక్స్ కింది మౌంటింగ్ రబ్బరు చిరిగిపోతే కాలు తీసినప్పుడల్లా బాక్స్ మొత్తం ఊగి లివర్‌ను లాగేస్తుంది. బెల్ హౌసింగ్‌కీ (క్లచ్‌ను కప్పే కేసు) గేర్‌బాక్స్‌కీ మధ్య బోల్టులు వదులైనా ఇదే జరుగుతుంది. ఆ తర్వాత షిఫ్ట్ రైలును (లివర్ కదిపే కడ్డీని) గంటులో పట్టి ఉంచే డిటెంట్ బాల్, దాని స్ప్రింగ్. ఆ తర్వాత స్లీవ్‌ను జరిపే ఫోర్క్. చివరగా ఆ స్లీవ్ (గేరును షాఫ్ట్‌కి కలిపే జారుడు ఉంగరం) లోపలి పళ్లు. ఈ పళ్లు కొత్తగా ఉన్నప్పుడు వాటి పక్కలు కొంచెం వాలుగా, గేరును తమవైపు లాక్కునేలా ఉంటాయి. ఆ వాలు అరిగిపోతే పట్టు పోతుంది.

కానీ మీ విషయంలో నాకు ఎక్కువ అనుమానం వేరే చోట. ఏటవాలు పళ్ల గేర్లు తిరిగేటప్పుడు ఒకదాన్నొకటి పక్కకి కూడా తోస్తాయి. ఇంజిన్ లాగుతున్నప్పుడు ఒక దిక్కుకి, కాలు తీయగానే ఎదురు దిక్కుకి. బేరింగులు, ఆ పక్క తోపును ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగి ఉంటే కాలు తీసిన ప్రతిసారీ గేర్ ముందుకీ వెనక్కీ కదులుతుంది, అలా కదులుతూ కదులుతూ బయటికి వచ్చేస్తుంది. అంటే ఊళా, మూడో గేర్ ఊడటమూ రెండు జబ్బులు కాకపోవచ్చు. రెండూ కౌంటర్ షాఫ్ట్ దగ్గరే తేలే అవకాశం బాగా ఉంది.

రెండో గేర్ గరగర సింక్రో రింగ్‌దే అయి ఉంటుంది. రుజువు చేసుకోవడం తేలిక. మూడు నుంచి న్యూట్రల్‌కి వచ్చి, క్లచ్ వదిలి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ క్లచ్ నొక్కి రెండు వేయండి. నిశ్శబ్దంగా పడిందంటే రింగే దోషి, ఎందుకంటే రింగ్ చేయాల్సిన పని మీ కాలు చేసింది. బండి ఆగి ఉన్నప్పుడు రివర్స్ కూడా గరగరమంటుంటే మాత్రం ముందు క్లచ్ చూడండి. పెడల్ పూర్తిగా నొక్కి నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేసినా అరిస్తే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. కేబులో లింకేజో సరిచేస్తే పోయేదానికి గేర్‌బాక్స్ దించేవాళ్లు ఉన్నారు.

ట్రాన్స్‌ఫర్ లివర్ బిగుసుకోవడం అసలు జబ్బే కాదనుకుంటున్నాను. పార్ట్ టైమ్ వ్యవస్థలో ముందు యాక్సిల్‌కీ వెనక యాక్సిల్‌కీ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, ఈ వ్యవస్థ తిరగనివ్వదు. మట్టిలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా తీరిపోతుంది. పొడి రోడ్డు మీద జారడానికి వీల్లేదు కాబట్టి షాఫ్టులు మెలిపడి గేర్లను నొక్కి పట్టుకుంటాయి. తిన్నగా కొన్ని మీటర్లు వెనక్కి నడిపి చూడండి, లివర్ టక్కున వదులుతుంది. అయినా తరచూ వస్తుంటే నాలుగు టైర్ల చుట్టుకొలతా టేపుతో కొలవండి. ముందు అరిగినవి, వెనక కొత్తవి ఉన్నా ఇదే గోల. ఎవరైనా మధ్యలో ఒక యాక్సిల్ మార్చి ఉంటే ముందూ వెనకా క్రౌన్ పినియన్ (యాక్సిల్ లోపలి గేర్ల జత) నిష్పత్తులు ఒకటేనా అన్నదీ చూడాలి. ఒకవైపు 4.88, ఇంకోవైపు 5.38 ఉన్న బండికి ఎంత మంచి ట్రాన్స్‌ఫర్ కేస్ వేసినా బతకదు.

ఆయిల్ కారడానికి సీళ్లు కొనేముందు బ్రీదర్ చూడండి. కేస్ పైభాగాన చిన్న టోపీలాంటి రంధ్రమో, సన్నటి గొట్టమో ఉంటుంది. లోపల ఆయిల్ వేడెక్కినప్పుడు గాలి బయటికి పోవాల్సిన దారి అది. పాత బండ్లలో మట్టి పేరుకుని మూసుకుపోతుంది. అప్పుడు లోపలి ఒత్తిడి బాగున్న సీలు నుంచి కూడా ఆయిల్‌ను బయటికి తోస్తుంది. సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేసి, బయటంతా తుడిచి, వారం ఆగి చూడండి. కొన్ని పాత మోడళ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ మధ్య బేరింగ్ గుండా ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి చేరుతుంది. ఒకదానిలో తగ్గి రెండోదానిలో పెరుగుతోందా అన్నది లెవెల్ ప్లగ్ తీస్తే తెలిసిపోతుంది.

ఇక ఆయిల్ దించి చూడటం. ఇది రక్తపరీక్ష లాంటిది. ముందు ఆయిల్ పోసే పై ప్లగ్ విప్పండి, అది కదిలాకే కింది ప్లగ్ ముట్టుకోండి. కిందది తీసి ఆయిల్ అంతా కార్చాక పైది తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. బండి కాసేపు నడిపి, వెచ్చగా ఉన్నప్పుడు శుభ్రమైన పళ్లెంలోకి దించి, పల్చటి గుడ్డలో వడకట్టండి. ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుంటే కంగారు పడక్కర్లేదు, అది మామూలు అరుగుదల. ఆయిల్‌లో పసుపు మెరుపు కనిపిస్తే సింక్రో రింగుల ఇత్తడి. సూదుల్లాంటి, పెంకుల్లాంటి ఉక్కు ముక్కలుంటే బేరింగ్ పైపొర లేస్తోంది. పంటి ఆకారంలో ముక్క దొరికితే మాత్రం నేను చెప్పిన ఆశాభావమంతా పక్కన పెట్టాలి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. రంపపు పొట్టు దొరికినా ఆశ్చర్యపోకండి. అమ్మేవాళ్లు శబ్దం కప్పిపుచ్చడానికి వేసే పాత ఎత్తు అది. మరీ చిక్కటి ఆయిల్ పోయడం దానికి తమ్ముడు.

చాలా పాత బాక్సులకు పైకవర్ విడిగా వస్తుంది. క్యాబిన్ లోపల ఫ్లోర్ ప్లేట్ తీస్తే కనిపిస్తుంది. బాక్స్ కిందికి దించకుండానే ఆ కవర్ తీసి, టార్చ్ వేసి, చేత్తో తిప్పుతూ ప్రతి పన్నూ చూడొచ్చు. ఫోర్కులు, రైళ్లు, డిటెంట్ స్ప్రింగులు చాలావాటిలో ఆ కవర్‌కే ఉంటాయి. స్ప్రింగులన్నీ తీసి పక్కపక్కన నిలబెట్టండి. ఒకే రకం వాటిలో ఒకటి పొట్టిగా ఉందంటే అదే అలిసిపోయింది. రైలు బయటికి లాగేటప్పుడు బాల్ తుపాకీ గుండులా ఎగురుతుంది, చేత్తో గుడ్డ అడ్డం పెట్టండి. రైళ్ల మధ్య చిన్న ఇంటర్‌లాక్ పిన్ను ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు దాన్ని మర్చిపోతే రెండు గేర్లు ఒకేసారి పడి బాక్స్ మొత్తం బిగుసుకుపోతుంది. ఫోర్క్ కొన అరిగితే కొత్తది దొరకనప్పుడు ఇత్తడి పోసి అరగదీసుకోవడం పాత పద్ధతే, బాగానే పనిచేస్తుంది. గేర్ పంటికి మాత్రం వెల్డింగ్ పెట్టించకండి. పంటి మీద గట్టిపరచిన పొర చాలా పల్చన, ఆ వేడికి అది చచ్చిపోతుంది.

ఇంత చూశాక కూడా మీ బాక్స్ దించాల్సే ఉంటుంది, ఆ ఊళ బయటినుంచి తగ్గేది కాదు. దించేటప్పుడు ఒక ప్రమాదం చెప్పాలి. చాలా పాత ఫోర్ బై ఫోర్‌లలో హ్యాండ్ బ్రేక్ చక్రాలకు ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక అవుట్‌పుట్ షాఫ్ట్ మీద ఉంటుంది. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పిన క్షణం నుంచి ఆ బ్రేకుకీ చక్రాలకూ సంబంధం ఉండదు. ఒక వెనక చక్రం జాకీతో లేపినా అంతే, డిఫరెన్షియల్ వల్ల బండి దొర్లిపోవచ్చు. కాబట్టి దిమ్మలు లేకుండా కిందికి దూరకండి, జాకీ మీద ఉన్న బండి కిందికి అసలు దూరకండి, స్టాండ్లు వేయండి. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ కలిపితే ఒక మనిషి మోసే బరువు కాదు. వీలైతే రెంటినీ విడదీసి దించండి. ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పేముందు జాయింట్ల దగ్గరా స్లైడింగ్ స్ప్లైన్ (గాడుల మీద జారే జోడు) దగ్గరా పంచ్‌తో గుర్తులు పెట్టండి. రెండు చివర్ల యోకులు (క్రాస్‌ను పట్టుకునే రెండు చెవుల ముక్కలు) ఒకే వరసలో లేకపోతే బాగుచేసిన బాక్స్ కూడా వణుకుతుంది, మీరు మళ్లీ బాక్స్‌నే తిడతారు.

విప్పడం, కడగడం మీరే చేసుకోండి. మెకానిక్ కూలిలో పెద్ద భాగం ఈ మురికి పనికే పోతుంది. బయట మట్టంతా విప్పకముందే డీజిల్‌తో కడగండి. ప్రతి మెట్టుకూ ఫోన్‌తో ఫొటో, ప్రతి గుంపు బోల్టులకూ పేరు రాసిన కవర్. స్లీవ్‌నీ దాని లోపలి హబ్‌నీ విడదీసే ముందు రెంటి మీదా కలిసేలా గీత గీయండి. ప్రెస్ అవసరమయ్యే చోట బాక్స్ మొత్తం కాదు, ఒక్క మెయిన్ షాఫ్ట్ పట్టుకెళ్లి ప్రెస్ పని మాత్రం చేయించుకోండి.

కౌంటర్ షాఫ్ట్ దగ్గర నిదానించండి. పాత బాక్సుల్లో చాలావాటికి అక్కడ పంజరం లేని వదులు నీడిల్ (సూదుల్లాంటి సన్నటి) రోలర్లు ఉంటాయి. షాఫ్ట్ లాగేస్తే అన్నీ జలజలా కింద పడతాయి. అందుకే అసలు షాఫ్ట్ కంటే ఒక వెంట్రుకవాసి సన్నగా, కౌంటర్ షాఫ్ట్ మీది గేర్ గుత్తి పొడవుకి సరిపడా గుండ్రటి కర్రో పైపు ముక్కో తయారు చేసుకోవాలి. దాంతో అసలు షాఫ్ట్‌ను తోస్తూ, రెండు కొనలూ ఒకదానికొకటి ఆనుకునే ఉండేలా నెమ్మదిగా బయటికి పంపాలి. మధ్యలో సందు వస్తే ఒక రోలర్ జారి ఆ సందులో పడుతుంది. ఏ వైపు నుంచి ఏ వైపుకి కొట్టాలో మీ బండి మాన్యువల్ చూడండి, ఎక్కువ బాక్సుల్లో ముందు నుంచి వెనక్కి. తిరిగి పెట్టేటప్పుడు ఇదే తిరగేసి. గేర్ రంధ్రంలో గ్రీజు పూసి రోలర్లను ఒక్కొక్కటే అంటించి, నకిలీ షాఫ్ట్ దూర్చి, థ్రస్ట్ వాషర్లు కూడా గ్రీజుతో అంటించి, మొత్తాన్ని కేసులో కూర్చోబెట్టి, అప్పుడు అసలు షాఫ్ట్‌తో నకిలీదాన్ని అవతలికి తోసేయాలి. రోలర్లు తీసినప్పుడు ఎన్ని ఉన్నాయో రాసుకోండి. పాత, కొత్త రోలర్లు కలపకండి. ఒక జత రోలర్ల మందం ఒకదానికొకటి సరిపోయేలా తయారుచేస్తారు, కొత్తవి కాస్త లావుంటే బరువంతా వాటి మీదే పడుతుంది.

మీ బడ్జెట్ ఎటు తిరుగుతుందో తేలేది ఇక్కడే. రోలర్లు నేరుగా షాఫ్ట్ ఉపరితలం మీదా, గేర్ గుత్తి లోపలి గోడ మీదా దొర్లుతాయి. షాఫ్ట్ మీద గోరు గీస్తే తట్టేలా గుంటలుంటే షాఫ్ట్, రోలర్లు, వాషర్లు మార్చండి, పెద్ద ఖర్చు కాదు. గేర్ గుత్తి లోపల కూడా గుంటలుంటే ఆ గుత్తి మొత్తం మారాలి. అప్పుడు మాత్రమే పాత బాక్స్ ఒకటి విడి భాగాల కోసం కొనడం గురించి ఆలోచించండి. అక్కడా గేర్లు జతలుగానే తీసుకోండి, ఒకదానితో ఒకటి అరిగి అలవాటుపడిన పళ్లవి. కొనేముందు ఇన్‌పుట్ షాఫ్ట్ పొడవు, స్ప్లైన్ల సంఖ్య, బెల్ హౌసింగ్ రంధ్రాలు, ట్రాన్స్‌ఫర్ కేస్ కలిసే ముఖం మీవాటితో పోల్చండి. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల బాక్సులు వచ్చిన బండ్లు చాలా ఉన్నాయి.

గేర్ పంటి అంచున చిన్న పెచ్చు ఊడితే ఆయిల్ స్టోన్‌తో మొన పోగొట్టి వాడుకోవచ్చు. పంటి ముఖం మీద, అంటే ఎదుటి పన్ను ఆనేచోట, గుంటలు వరసగా పడితే ఆ గేర్ అయిపోయినట్టే.

సింక్రో రింగ్‌ను దాని కోన్ మీద చేత్తో గట్టిగా నొక్కి మెలితిప్పండి. పట్టుకోవాలి. అలా నొక్కి ఉంచే, రింగుకీ గేర్ చిన్న పళ్లకీ మధ్య సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టండి. చాలా బాక్సుల్లో కొత్త రింగుకి ఇది ఒక మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. అర మి.మీ. దగ్గరికి వస్తే మార్చే సమయం, కచ్చితమైన హద్దు మాన్యువల్‌లో ఉన్నదే. డబ్బు తక్కువైతే రెండో గేర్ రింగ్ ఒక్కటే మార్చండి, మిగతావి కొలతలో నిలిస్తే ఉంచేయండి. కౌంటర్ షాఫ్ట్ పక్కప్లే (ముందుకీ వెనక్కీ ఆడే ఖాళీ) కూడా అదే గేజ్‌తో చూడొచ్చు. అది అర మి.మీ. దాటితే వాషర్లు వదిలేయడానికి వీల్లేదు.

ఇప్పుడు అసలైన పొదుపు. బాల్ బేరింగులను "ఫలానా బండి గేర్‌బాక్స్ బేరింగ్" అని అడిగి కొనకండి. రింగు మీద చెక్కిన నంబరు చదివి, ఆ నంబరుతో బేరింగులు అమ్మేచోట కొనండి. 6306 అని ఉంటే అది ప్రపంచంలో ఎక్కడైనా 30 మి.మీ. లోపలి వ్యాసం, 72 మి.మీ. బయటి వ్యాసం, 19 మి.మీ. మందమే. చివరి రెండంకెలను 5తో గుణిస్తే లోపలి వ్యాసం వస్తుంది, 04 నుంచి పైకి ఈ లెక్క నడుస్తుంది. నంబరు తర్వాతి అక్షరాలు కూడా వదలకండి. ఎన్ఆర్ అంటే బయటి రింగుకి గాడి, అందులో స్నాప్ రింగ్ ఉంటాయి. అది లేని బేరింగ్ తెస్తే షాఫ్ట్ ముందుకీ వెనక్కీ ఆడుతుంది. సీ3 అంటే లోపల ఖాళీ కాస్త ఎక్కువ, పాతదానికి ఉంటే కొత్తదానికీ ఉండాలి. 2ఆర్ఎస్ అంటే రెండువైపులా రబ్బరు సీలు. బాక్స్ ఆయిల్‌తోనే తడిసే చోట మామూలుగా తెరిచి ఉన్న రకమే వేస్తారు. ఆయిల్ సీళ్లదీ ఇదే కథ. 35-52-7 అంటే షాఫ్ట్, రంధ్రం, మందం, మి.మీ.లలో. ఒక్క జాగ్రత్త: పేరున్న కంపెనీ డబ్బాలో నకిలీ బేరింగులు వస్తుంటాయి, మరీ చవకగా ఇస్తానంటే వద్దనండి. మిగిల్చాల్సిన చోటు ఇది కాదు.

సీలు ఆనేచోట షాఫ్ట్ మీద గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. చోటుంటే సీలును ఒకటి రెండు మి.మీ. ముందుకో వెనక్కో కూర్చోబెట్టి కొత్త ఉపరితలం మీద ఆనేలా చేయండి. లేకపోతే షాఫ్ట్ మీద తొడిగే పల్చటి స్టీలు స్లీవులు దొరుకుతాయి, మందం పావు మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి పాత సైజు సీలే సరిపోతుంది. ఇది యోక్ మార్చడం కంటే చాలా చవక.

గ్యాస్కెట్లు షీటు తెచ్చి ఇంట్లోనే కత్తిరించుకోవచ్చు. కేస్ అంచు మీద షీటు పరిచి చిన్న సుత్తితో తడుతూ పోతే అచ్చు పడుతుంది. కానీ పాతదాని మందం వెర్నియర్‌తో కొలవకుండా మాత్రం కొనకండి. కొన్నిచోట్ల గ్యాస్కెట్ మందమే బేరింగ్ బిగువును నిర్ణయిస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఆ పని షిమ్‌లు (పల్చటి లోహపు రేకులు) చేస్తాయి. టేపర్ రోలర్ బేరింగులున్న షాఫ్ట్ వెనక షిమ్‌లు ఏ వైపువి ఆ వైపు కట్టిపెట్టండి. బేరింగ్ కొత్తదైతే ప్లే మళ్లీ డయల్ గేజ్‌తో చూడాల్సిందే. గేర్ల బదులు చైన్ ఉండే రకమైతే చైన్ సాగిందేమో చూడండి. బలం పడినప్పుడు పెటపెటమంటూ పళ్లు దాటుతుంటే చైన్ పని అయిపోయింది.

బేరింగ్ ఎక్కించేటప్పుడు సుత్తి దెబ్బలు వద్దు. షాఫ్ట్ మీద బిగువుగా కూర్చునేదైతే లోపలి రింగ్ మీద, కేసులో బిగువుగా కూర్చునేదైతే బయటి రింగ్ మీద మాత్రమే బలం పడాలి. ఎదుటి రింగ్ మీద కొడితే ఆ దెబ్బ బాల్స్ గుండా పోయి గాడిలో గుంటలు పెడుతుంది, మొదటి రోజు నుంచే మోత. అల్యూమినియం కేసైతే మరిగే నీళ్లలోనో ఓవెన్‌లోనో 80 నుంచి 100 డిగ్రీల దాకా వేడి చేయండి. అల్యూమినియం ఉక్కుకి రెట్టింపు దాకా వ్యాకోచిస్తుంది కాబట్టి ఫ్రీజర్‌లో పెట్టిన బేరింగ్ చాలాసార్లు చేత్తోనే జారి కూర్చుంటుంది. గ్యాస్ మంట మాత్రం పెట్టకండి. పాత బేరింగ్ కేసులోనే తిరిగి రంధ్రం వదులై ఉంటే, 0.1 మి.మీ. లోపు తేడాకు బేరింగులు అతికించే రిటైనింగ్ కాంపౌండ్ సరిపోతుంది. అంతకు మించితే లేత్ మీద బుష్ వేయించాలి.

బాక్స్ కింద ఉన్నప్పుడే క్లచ్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, పైలట్ బుష్ (ఇన్‌పుట్ షాఫ్ట్ ముందు కొన ఆనే చిన్న బుష్), ఇంజిన్ క్రాంక్ వెనక సీలు చూసేయండి. ఇవి చిన్న సామానే, వీటికోసం మళ్లీ బాక్స్ దించడమే ఖర్చు. పైలట్ బుష్ తీయడానికి పుల్లర్ లేకపోతే ఆ రంధ్రం నిండా గ్రీజు కూరి, సరిగ్గా పట్టే గుండ్రటి కడ్డీ పెట్టి సుత్తితో కొట్టండి. గ్రీజుకి పోవడానికి చోటు లేక బుష్‌ను వెనకనుంచి తోసేస్తుంది. మొహానికి ఎదురుగా కూర్చుని కొట్టకండి.

ఆయిల్ దగ్గర ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. ఇత్తడి, కంచు సింక్రో రింగులున్న బాక్స్‌కి జీఎల్-4 తరగతి గేర్ ఆయిల్ అడగండి, మాన్యువల్ వేరేది చెబితే అదే పోయండి. డిఫరెన్షియల్‌కి మామూలుగా వాడే జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ. డిఫరెన్షియల్‌లో జారుతూ రాసుకునే హైపాయిడ్ గేర్లకు అవి కావాలి. ఇక్కడేమో అవి పసుపు లోహాన్ని తినొచ్చు, పైగా రింగుకి పట్టు దొరకనివ్వకపోవచ్చు. "ఒకే డబ్బా, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, డిఫరెన్షియల్ మూడింటికీ పోసేద్దాం" అన్న మాట వినకండి. చైన్ ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసుల్లో చాలావాటికి గేర్ ఆయిలే కాదు, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ వాడతారు.

బండికి ఎక్కించకముందే బల్ల మీద ఇన్‌పుట్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ ప్రతి గేర్ వేసి చూడండి. టాప్‌లో ఇటు ఒక చుట్టు తిప్పితే అటూ సరిగ్గా ఒక చుట్టే రావాలి, మిగతావాటిలో చుట్లు లెక్కపెట్టి మాన్యువల్ నిష్పత్తులతో పోల్చండి. ఎక్కడైనా చేతికి బిగుసుకుంటే ఇంజిన్‌కీ బిగుసుకుంటుంది. ఎక్కించేటప్పుడు బాక్స్ బరువు ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడనివ్వకండి, క్లచ్ ప్లేట్ హబ్ వంగిపోతుంది. రెండు ముఖాలూ చేత్తో తోస్తేనే కలవాలి. చివరి వేలెడు సందును బోల్టులు బిగించి లాగేద్దామనుకుంటే కేసు చెవి విరుగుతుంది. కలవకపోతే ప్లేట్ మధ్యకి రాలేదన్నమాట, వెనక్కి తీసి సరిచేయండి.

ఆయిల్ పోశాకే స్టార్ట్ చేయండి. మొదటి 500 కిలోమీటర్లు బరువు లాగకుండా, మరీ వేగం పోకుండా తిప్పి, ఆయిల్ వెచ్చగా ఉండగానే దించి మళ్లీ గుడ్డలో వడకట్టండి. కొత్త రింగుల పసుపు పొడి కొంచెం కనిపిస్తుంది, ఫర్వాలేదు. ఉక్కు పెంకులు కనిపిస్తే ఏ గేర్లో మోగుతోందో ముందులాగే విని చూసి, ఆ శబ్దం ఎలా ఉందో, ఆయిల్‌లో ఏం దొరికిందో రాయండి, అక్కడినుంచి చూద్దాం.